బావగారూ, బోర్డు జోలికి ఇప్పుడే వద్దు

కార్డిఫ్, వేల్స్.

 

మీ ఆజ్ఞ అందింది. టీవీ వెనక డబ్బాలో సినిమా ఆగి ఆగి వస్తోందనీ, రాస్‌బెరీ పై-3 బోర్డుకి కాలం చెల్లిపోయిందనీ, సంక్రాంతికి వచ్చేటప్పుడు పదహారు జీబీల కొత్త పై-5 ఒకటి పెట్టెలో పడేసుకుని రమ్మనీ రాశారు. అల్లుడి హోదాలో అడిగారు కనక కాదనడానికి నాకు నోరు లేదు. వాదించడానికి మాత్రం ఉంది. ఆ బోర్డు తయారయ్యేది నేనున్న వేల్స్‌లోనే, పెన్‌కోయిడ్ అనే ఊళ్ళోని సోనీ ఫ్యాక్టరీలో, కాబట్టి నాకు చవగ్గా వస్తుందని మీ లెక్క. మీ తణుకులో షుగర్ ఫ్యాక్టరీ పెట్టారని మీకు పంచదార ఊరికే పోశారా? 2025 జనవరిలో విడుదలైనప్పుడే ఆ పదహారు జీబీల బోర్డు 120 డాలర్లు. అదీ వట్టి బోర్డు. అడాప్టరు, డబ్బా, ఫ్యాను, మెమరీ కార్డు దేనికదే వేరే కొనుక్కోవాలి. డబ్బు సంగతి పక్కన పెట్టండి, అసలు విషయం వేరే ఉంది. మీ ఇంట్లో సినిమా ఆగుతున్నది బోర్డు ముసలిదై కాకపోవచ్చు. మిగతావన్నీ చూసుకుని బోర్డుని చివర మార్చాలన్నది నా పట్టు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ రాస్‌బెరీ పై మొదటిసారి అమ్మకానికి వచ్చింది 2012 ఫిబ్రవరి 29న. ధర 35 డాలర్లు. బడిపిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని కేంబ్రిడ్జ్ వాళ్ళు చేసిన వస్తువది. పిల్లల చేతికి చేరినన్ని చేరగా, మిగిలినవాటిలో బోలెడన్ని పెద్దవాళ్ళ టీవీల వెనక తేలాయి. అప్పటి ప్రాసెసర్ వేగం 700 మెగాహెర్ట్జ్, మెమరీ 256 ఎంబీ. ఇప్పటి చవక ఫోను కూడా దాన్ని చూసి జాలిపడుతుంది. అయినా అది ఫుల్ హెచ్‌డీ సినిమాని తడబడకుండా ఆడించేది. కారణం ఏమిటంటే, సినిమాని విప్పే పని ప్రాసెసర్ చెయ్యలేదు. బ్రాడ్‌కామ్ వాళ్ళ ఆ చిప్పులో హెచ్.264 రకం వీడియోని విప్పడానికే ఒక ప్రత్యేకమైన సర్క్యూట్ ఉండేది. అది పని చేస్తున్నంతసేపూ ప్రాసెసర్‌కి పెద్దగా పనుండదు. మీ పై-3లోనూ అలాంటి సర్క్యూట్ ఉంది. కాబట్టి సినిమా ఆగిందంటే మొదట అడగాల్సింది బోర్డు వయసు కాదు, ఆ సినిమా ఫైలు ఏ రకంలో ఉందన్నది.

మెమరీ పెరిగితే సినిమా సాఫీగా నడుస్తుందని మీరు గట్టిగా నమ్ముతున్నట్టున్నారు. పదహారు అనే అంకె మీద మీకున్న మోజు చూస్తుంటే మా అక్కయ్యకి కుళ్ళు పుట్టినా ఆశ్చర్యం లేదు. లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ బొమ్మ ఒక్కటి విప్పితే మెమరీలో పట్టే చోటు సుమారు మూడు ఎంబీలు. ముందు జాగ్రత్తకి ఇరవై ముప్ఫై బొమ్మలు విప్పి దగ్గర పెట్టుకున్నా వంద ఎంబీలు దాటవు. కోడి అనే వీడియో ప్లేయరు, దాని కింది లిబ్రెఎలెక్, పోస్టర్ల బొమ్మలు అన్నీ కలిపినా మీ పై-3లో ఉన్న ఒక్క జీబీలో సర్దుకుంటాయి. లిబ్రెఎలెక్ అంటే కోడిని నడపడం తప్ప మరో పని పెట్టుకోని లినక్సు. పదహారు జీబీలు కొని అందులో సినిమా పెడితే, పదిహేను జీబీలు ఊరికే కూర్చుని అది చూస్తాయి. టికెట్టు మాత్రం వాటికి కూడా మీరే కొన్నారు.

ఇప్పుడు ఫైలు రకం దగ్గరికి వద్దాం, ఇక్కడే మీకు నామీద కోపం వస్తుంది. ఈ మధ్య సినిమా ఫైళ్ళు ఎక్కువగా హెచ్‌ఈవీసీ అనే రకంలో ఉంటున్నాయి. అదే నాణ్యత, సైజు దాదాపు సగం. మీ పై-3లో దాన్ని విప్పే సర్క్యూట్ లేదు. ప్రాసెసరే కిందా మీదా పడి విప్పాలి. మామూలువి ఎలాగో లాగుతుంది కానీ టెన్ బిట్ ఫైలు పడితే చేతులెత్తేస్తుంది. ఈ ఒక్క చోట బోర్డు మార్చమనే మీ వాదన నిలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ దానికి పై-5 ఎందుకు? 2019లో వచ్చిన పై-4లోనే హెచ్‌ఈవీసీకి సర్క్యూట్ ఉంది, హెచ్.264కీ ఉంది. 2023లో వచ్చిన పై-5లో హెచ్‌ఈవీసీది ఉంచి హెచ్.264ది తీసేశారు. కొత్త ప్రాసెసర్ జోరైనది కాబట్టి ఆ పని అదే చూసుకుంటుందన్నది వాళ్ళ ధైర్యం. నిజమే, ఫుల్ హెచ్‌డీ దాకా చూసుకుంటుంది. కానీ పాతది హాయిగా సర్క్యూట్ మీద చేసే పనిని కొత్తది ప్రాసెసర్‌ని వేడెక్కించి, ఫ్యాను తిప్పి చేస్తుంది. మరి ఏవీ1 అనే మరీ కొత్త రకం సంగతో అంటారా? దానికి పై-5లోనూ సర్క్యూట్ లేదు. రేపటి అవసరానికి అని ఇవాళ కొనేవాళ్ళు ఈ ముక్క దుకాణంలో అడగరు. పోతే, పై-5 ఒకేసారి రెండు 4కే టీవీలకి బొమ్మ పంపగలదట. మీ ఇంట్లో ఉన్న ఒక్క టీవీ ఫుల్ హెచ్‌డీదే. రెండో టీవీ కొంటే సీరియళ్ళకీ క్రికెట్‌కీ మధ్య గొడవ తగ్గుతుందేమో గానీ, అది వేరే ఉత్తరం.

అల్మరాలో ఉన్న మీ పెళ్ళి డీవీడీ గురించి బెంగ అక్కర్లేదు. అది ఎమ్‌పెగ్-2 రకం. 2012లో ఆ రకాన్ని సర్క్యూట్ మీద ఆడించాలంటే లైసెన్సు తాళం విడిగా కొనాల్సి వచ్చేది, 2 పౌండ్ల 40 పెన్నీలు పెట్టి, ఒక్కో బోర్డు సీరియల్ నంబరుకి ఒక్కోటి. పై-3 ప్రాసెసర్‌కి డీవీడీ స్థాయి బొమ్మ ఏ తాళమూ లేకుండానే లొంగుతుంది. పెళ్ళి వీడియోలో మీ మీసం ఎలా ఉందో అలాగే కనబడుతుంది. దాన్ని బాగుచేసే బోర్డు ఇంకా రాలేదు.

ఫైలు హెచ్.264దే అయినా ఆగుతోందంటే? నా అనుమానం కరెంటు మీద. మీ డబ్బాకి పెట్టినది పాత ఫోను చార్జరని మాటల్లో మీరే బయటపెట్టారు. పై-3కి కావలసింది 5.1 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు. ఫోను చార్జరు చాలావరకు ఒక ఆంపియరు, మహా అయితే రెండు. సరే, రెండే ఇచ్చిందనుకుందాం. దాని సన్నటి తీగకి పావు ఓమ్ నిరోధం ఉన్నా చాలు, రెండు ఆంపియర్లకి అర వోల్టు దారిలోనే కరిగిపోతుంది. అయిదు వోల్టులు బయల్దేరితే బోర్డుకి చేరేది నాలుగున్నర. 4.63 కంటే కిందికి దిగగానే టీవీ తెర మీద కుడి పైమూల పసుప్పచ్చని మెరుపు గుర్తు ఒకటి పడుతుంది. అది అలంకారం కాదు బావగారూ, ఆకలి కేక. ఆ క్షణంలో బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దానికి తోడు సినిమాల హార్డ్ డిస్కు కూడా ఆ బోర్డు యూఎస్‌బీ నుంచే కరెంటు లాగుతోంది. చక్రం తిరగడం మొదలెట్టే క్షణంలో డిస్కు ఒక ఆంపియరు దాకా మింగగలదు. అందుకే సినిమా మొదట్లోనూ, ఇంటర్వెల్‌లో ఆపి మళ్ళీ మొదలెట్టినప్పుడూ గుండె ఆగినట్టు ఆగుతుంది. ఇదే చార్జరు పెట్టుకుని పై-5 కొంటే ఏమవుతుంది? దాని అసలు అడాప్టరు 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లిచ్చే రకం. అర్ధాకలి బోర్డుని తీసేసి, దాని కంచం ముందు భీముణ్ణి కూర్చోబెట్టినట్టే. అడాప్టరు కూడా ఇక్కణ్ణుంచే తెమ్మనకండి. ఈ దేశపు ప్లగ్గుకి మూడు పలకల కాళ్ళు, మీ గోడకున్నవి గుండ్రటి కన్నాలు.

తర్వాతి అనుమానం వైఫై, డిస్కులోవి కాక నెట్‌వర్క్ మీదుగా వచ్చే సినిమాలకి. రెండున్నర గంటల సినిమా ఎనిమిది జీబీలుంటే, సెకనుకి సగటున ఏడు మెగాబిట్లు చేరితే చాలు. మీ బోర్డు వెనకున్న వైరు సాకెట్టు వంద మెగాబిట్లది. పద్నాలుగు రెట్లు వెడల్పైన దారి ఖాళీగా పెట్టుకుని మీరు వైఫైలో ఈదుతున్నారు. పై-3 మొదటి రకానికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే వస్తుంది. వంటింట్లో మైక్రోవేవ్ పని చేసేదీ దాదాపు అక్కడే. అక్కయ్య పప్పు వేడి చెయ్యడానికీ హీరో గాల్లో ఆగిపోవడానికీ సంబంధం ఉందంటే మీరు నవ్వుతారు. గడియారం పెట్టుకుని చూడండి. రౌటరు నుంచి టీవీ దాకా పది మీటర్ల నెట్‌వర్క్ వైరు ఖరీదు ఎంతని? గోడ వెంబడి వైరు కనబడితే బాగుండదని అక్కయ్య అంటుంది. ఆ అభ్యంతరానికి మాత్రం సాంకేతికమైన జవాబు నా దగ్గర లేదు.

వేడి సంగతి ఇక్కడివాళ్ళకి తట్టదు. కిటికీ తీస్తే సరిపోయే దేశం. చిప్పు 80 డిగ్రీలకి చేరగానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో మీ హాల్లో గాలే నలభై డిగ్రీలుంటే సగం దూరం అప్పటికే వచ్చేసినట్టు. ఆపైన డబ్బా మీద దుమ్ము పడకుండా లేసు గుడ్డ ఒకటి. ఆ గుడ్డ తీసేసి, చిప్పు మీద చిన్న హీట్ సింక్ అంటించండి.

మెనూలు నత్తనడకన కదులుతున్నాయి, ఇదైనా బోర్డు తప్పేగా అంటారు. ఇది న్యాయమైన ప్రశ్న. మెనూ గీసేటప్పుడు ప్రాసెసర్‌కి నిజంగానే పని ఉంటుంది, పై-4 అక్కడ చురుగ్గా ఉంటుంది. కానీ ముందు మెమరీ కార్డు మార్చి చూడండి. సినిమాల జాబితా అంతా కోడి రాసుకునేది ఆ కార్డు మీదే, చవక కార్డులు ఏళ్ళ తరబడి రాతకి అరిగిపోతాయి. ఇక మా పెద్దాడు చెప్పే సలహా, ఇదంతా ఎందుకు, ఓటీటీ స్టిక్ ఒకటి కొని టీవీకి గుచ్చెయ్యమని. నెట్‌ఫ్లిక్స్ లాంటివే చూస్తామంటే వాడిదే రైటు. ఆ కంపెనీలు హెచ్‌డీ బొమ్మ ఇవ్వాలంటే అడిగే, దొంగకాపీలు కాకుండా కాపలా కాసే ధ్రువీకరణ రాస్‌బెరీ పైకి లేదు, బొమ్మ మసగ్గానే వస్తుంది. ఎంత ఖరీదు బోర్డు తెచ్చినా ఇంతే. కానీ మీరు ఎక్కువగా చూసేది సొంత డిస్కులో ఉన్న పాత సినిమాలు, పెళ్ళిళ్ళు, ఉపనయనాలు. హక్కులు అయిపోయాయని రాత్రికి రాత్రి అవి మాయం కావు. పైగా హెచ్‌డీఎంఐ వైరు గుండానే మీ టీవీ రిమోట్ మాట ఈ డబ్బా వింటుంది, సీఈసీ అంటారు, టీవీ సెట్టింగుల్లో అది ఆన్ చేసుకుంటే రెండో రిమోట్ వెతుక్కునే బాధ ఉండదు.

మూల పడున్న పాత డెస్క్‌టాప్ వాడదామన్నది మీ రెండో ఆలోచన. అది ఊరికే ఉన్నా అరవై వాట్లు తింటుందనుకుందాం. రోజంతా ఉంచితే ఏడాదికి 525 యూనిట్లు, అంటే నెలకి దాదాపు 44. అయిదు వాట్ల చిన్న డబ్బా ఏడాది మొత్తానికి తినేది ఆ 44 యూనిట్లే. మన బిల్లు స్లాబుల్లో కదా వచ్చేది, నెలకి నలభై యూనిట్లు ఎక్కువైతే పై స్లాబు రేటు పడొచ్చు. ఇంటెల్ ఎన్100 చిప్పున్న మినీ పీసీ సంగతి వేరు. ఆరు వాట్ల రకం చిప్పు, హెచ్.264, హెచ్‌ఈవీసీ, ఏవీ1 మూడిటికీ సర్క్యూట్లున్నాయి, డబ్బా అడాప్టరు అన్నీ కలిపే వస్తాయి. ఇంట్లో ఏ డబ్బా లేకుండా, 4కే టీవీతో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళయితే పై-5 కంటే దాన్నే కొనమంటాను. రాస్‌బెరీ అభిమానులు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీండి. కానీ మీకు డబ్బా ఉంది, అది పని చేస్తూనే ఉంది.

కాబట్టి నేను తెచ్చేది ఏమిటన్నది మీరు చూసి చెప్పేదాన్ని బట్టి ఉంటుంది. సరైన అడాప్టరు అక్కడే కొని పెట్టండి, వైరు లాగండి, గుడ్డ తియ్యండి. ఆ తర్వాత కూడా సినిమా ఆగితే, ఆడుతుండగానే కీబోర్డు ఒకటి గుచ్చి ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం నొక్కండి. ఫైలు ఏ రకమో, ప్రాసెసర్ ఎంత పని చేస్తోందో కోడి తెర మీదే చూపిస్తుంది. హెచ్‌ఈవీసీ అని ఉండి, ప్రాసెసర్ నూటికి నూరు దగ్గరుంటే, రెండు జీబీల పై-4 ఒకటి, దానికి సరిపడే మైక్రో హెచ్‌డీఎంఐ వైరుతో సహా, అల్లుడి మర్యాద కింద నా ఖర్చుతో తెస్తాను. లేకపోతే ఆ చోటులో పిల్లలకి చాక్లెట్లు తెస్తాను. తెర మీద కనబడింది అక్కయ్య చేత రాయించండి. ఆవిడ చూసింది చూసినట్టు రాస్తుంది.

ఇట్లు
మీ బావమరిది