స్లో పంచరు: ఒక పాత సైకిలు ఆత్మకథ

నేను నల్ల రంగు అట్లాస్ సైకిలును. ఇరవై రెండంగుళాల ఫ్రేము, రాడ్డు బ్రేకులు, వెనక గట్టి క్యారియరు. 1998 జులైలో నంద్యాలలో ఒక సైకిల్ కొట్టులో నన్ను బిగించారు. ముక్కలుగా వచ్చిన నాకు చక్రాలు కట్టి, పుల్లలు బిగించి, బెండు తీసి, ఆఖరున సీటు తగిలించిన మేస్త్రీని ఊరంతా భాయ్ అంటుంది. ఊళ్లు తిరిగి తిరిగి, ఇప్పుడు మళ్లీ ఆయన కొట్లోనే ఉన్నాను.

సరిగ్గా ఆ నెల 8వ తేదీన ఫ్రాన్స్, బెల్జియం సరిహద్దులో కస్టమ్సు వాళ్లు ఒక కారును ఆపారు. అది ఫెస్టినా అనే సైకిల్ జట్టు కారు. నడుపుతున్నది జట్టులో ఆటగాళ్ల ఒళ్లు పట్టే విల్లీ వూట్. కారులో ఈపీఓ, గ్రోత్ హార్మోను, ఇంకా రకరకాల మందులు దొరికాయి. మూడు రోజుల్లో టూర్ డి ఫ్రాన్స్ మొదలు కావాలి. మొదలైంది కూడా, కానీ ఫెస్టినాను నడిమధ్యలో వెళ్లగొట్టారు. ఈ సంగతి నాకు చాలా ఏళ్లకు తెలిసింది. అయినా నేను పుట్టిన నెల అనగానే ముందు అదే గుర్తొస్తుంది.

నన్ను కొన్నది ఆళ్లగడ్డ శిల్పి. ఆళ్లగడ్డ వీధుల్లో పొద్దున్నే వినిపించేది ఉలి చప్పుడే కదా. క్యారియరు మీద గోనెపట్టాలో చుట్టిన ఉలులు, సుత్తి, హ్యాండిలుకు అన్నం క్యారేజీ. అలా ఆయన్ను ఎన్ని ఊళ్లు తిప్పానో. శిరివెళ్ల మీదుగా నంద్యాలకు నలభై కిలోమీటర్ల పైమాట. గుడి పని ఉంటే అహోబిలం. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం దాకా పాతిక కిలోమీటర్లు ఎట్లాగో సాగిపోతాయి. ఎగువకు వెళ్లే దారి వేరు. నల్లమల ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన సీటు మీంచి లేచి, ఒళ్లంతా పెడలు మీద మోపి తొక్కేవాడు. ఒక్కో తొక్కుడుకు నా చైను మూలిగేది. ఆయన చెమట చుక్కలు నా పైకడ్డీ మీద పడి ఎండి తెల్లగా ఉప్పు కట్టేవి. మనిషి కాలికి ఎంత బలముంటుందో, అది ఎక్కడ అయిపోతుందో నాకు ఆ దారిలోనే తెలిసింది. కొండ ఎక్కే మనిషి గురించి అబద్ధం చెబితే నాకు అందుకే అంత బాధ.

ఆయనకు మోకాళ్లు పట్టేశాక నేను భాయ్ కొట్టుకు చేరాను. కొన్నేళ్లు గంటల లెక్కన అద్దెకు తిరిగాను. తర్వాత అద్దె సైకిలు అడిగేవాళ్లు లేక గోడ మేకుకు ఎక్కాను. 2020లో జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే, సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ మూతపడిందని పేపర్లో వచ్చింది. భాయ్ ఆ పేపరు చదివి, మడిచి, లేచి వచ్చి నా హ్యాండిలు మీద దుమ్ము తుడిచాడు.

నన్ను మళ్లీ కిందికి దించింది శిల్పి మనవడు. డిగ్రీ చదవడానికి నంద్యాల వచ్చిన చిన్నోడు వాళ్ల తాత సైకిలును వెతుక్కుంటూ వచ్చాడు. ఓవరాలింగ్ చేయించి, గోళీలన్నీ కొత్తవి వేయించి, జులై సాయంత్రాలు భాయ్ బల్ల మీద ఫోను ఆనించి టూర్ చూడటం మొదలుపెట్టాడు. వెనక నిలబడి నేనూ చూశాను. పొగాచర్ అనే ఆటగాడు కొండ ఎక్కుతుంటే మా కొట్లో పంచరు పని ఆగిపోయేది.

జులై అందరిదీ. రేసు నడిచే మూడు వారాలు ఎవరైనా చూస్తారు. నాలాంటి అభిమానికి అసలు పరీక్ష కార్తీకంలో మొదలవుతుంది. రోడ్డు మీద రేసులుండవు. మహానందికి పోయే జనం తప్ప కొట్టు ముందు సందడి ఉండదు. అప్పుడొచ్చేవి రెండే రకాల వార్తలు. ఎవరు ఏ జట్టుకు మారారు, ఎవరి రక్తంలో ఏం తేలింది.

2025 చలికాలంలో చిన్నోడు మొదటి రకం చదివి వినిపించాడు. పారిస్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు తెచ్చిన రెమ్‌కో ఎవెన్‌పూల్ ఒప్పందం ఇంకా ఏడాది ఉండగానే సౌదాల్ క్విక్-స్టెప్ వదిలి రెడ్ బుల్-బోరా జట్టుకు పోయాడు. భాయ్ తలెత్తాడు.

"మన గిత్తల మాదిరా అబ్బోడా? ఈ ఏడు ఒకాయన కొట్టంలో ఉండే గిత్త వచ్చే ఏడు ఇంకొకాయన పేరు మీద బండ లాగుతాది."

"అట్లాంటిదే భాయ్. కాకపోతే ఇక్కడ సంతకం పెట్టేది తొక్కేవాడే."

"మరి తొక్కడం రానోని సంగతేంది?"

ఆ ప్రశ్నకు జవాబే ఆర్కియా జట్టు. ఫ్రాన్సు జట్టు, పెద్ద రేసులన్నీ ఆడింది. డబ్బిచ్చే కంపెనీలు తప్పుకోగానే 2025 చివర మూతపడింది. బెల్జియంలో లొట్టో, ఇంటర్‌మార్షే జట్లు రెండూ విడిగా నిలబడలేక ఒకటైపోయాయి. రెండు జట్లు కలిస్తే సీట్లు రెండింతలు కావు. సైకిల్ రేసుకు గేటుండదు, టికెట్టుండదు. రోడ్డు పక్కన నిలబడి ఎవరైనా ఊరికే చూడొచ్చు. అది ఈ ఆటకున్న అందం. టీవీ డబ్బు చాలామటుకు రేసు పెట్టేవాళ్లది. జట్టుకు మిగిలేది చొక్కా మీద పేరు రాయించుకున్న కంపెనీ ఇచ్చే సొమ్ము. ఆ కంపెనీ మనసు మారితే చక్రం సరిచేసే మెకానిక్కు, ఒళ్లు పట్టే మనిషి, నాయకుడికి నీళ్ల సీసాలు మోసుకొచ్చే కుర్రవాడు, అందరూ ఒక్క సంతకంతో రోడ్డున పడతారు. ఎవెన్‌పూల్‌ను కొనుక్కునేవాళ్లుంటారు. నీళ్లు మోసినవాడి పేరు వార్తలో ఆఖరి వాక్యంలో కూడా రాదు. మూతపడ్డ ఫ్యాక్టరీలో తయారైనదాన్ని కాబట్టి నాకు ఆ వాక్యం కోసమే చూడటం అలవాటు.

ఇక రెండో రకం. 2025 అక్టోబరు ఆఖరులో స్పెయిన్ ఆటగాడు ఓయెర్ లాస్కానోను తాత్కాలికంగా నిలిపేశారని వచ్చింది. ఒక సీసాలో మందు దొరకలేదు. 2022, 2023, 2024 సంవత్సరాల రక్తం లెక్కల్లో తేడా ఉందని అన్నారు. తాత్కాలిక నిలుపుదల తీర్పు కాదు, ఆ మాట అభిమాని మరిచిపోకూడదు. భాయ్‌కి మాత్రం ఒక అనుమానం వచ్చింది. "మందు దొరకకుండా తేడా ఎట్లా తెలుస్తాది?"

నాకు నోరుంటే ఆయన గోడే చూపించేదాన్ని. కొట్లో మామూలు పంచరు దొరకడం తేలిక. ట్యూబులో గాలి నింపి, నీళ్ల తొట్టిలో కొంచెం కొంచెం ముంచుతూ తిప్పుతారు. బుడగ లేచిన చోట వేలు పెట్టి, గుర్తు పెట్టి, గీకి, సొల్యూషన్ పూసి ప్యాచీ వేస్తారు. స్లో పంచరు అట్లా కాదు. తొట్టిలో బుడగ రాదు. తెల్లారేసరికి టైరు మెత్తబడి ఉంటుంది. అద్దె సైకిళ్ల రోజుల్లో భాయ్ దానికో ఉపాయం పెట్టుకున్నాడు. ఏ నెంబరు సైకిలుకు పొద్దున ఎన్నిసార్లు పంపు కొట్టాల్సి వచ్చిందో గోడ మీద సుద్దముక్కతో రాసేవాడు. రోజూ రెండు గీతలుండే మూడో నెంబరుకు ఒక వారం ఆరు గీతలు పడ్డాయంటే, తొట్టి ఏం చెప్పినా దాన్ని విప్పాల్సిందే.

2008లో సైకిల్ ఆటలో వచ్చిన బయలాజికల్ పాస్‌పోర్టు ఆ సుద్దగీతల గోడే. ఈపీఓ ఎర్రకణాలను పెంచుతుంది, కండరానికి ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది, మందు మాత్రం ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతుంది. మొదట, 1997లో, రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటితే ఆపేవారు. దాంతో ఆటగాళ్లు 49 దగ్గర ఆగడం నేర్చుకున్నారు. పాస్‌పోర్టులో ఒకరిని ఇంకొకరితో పోల్చరు. ఎవరి పాత గీతలతో వారి కొత్త గీతల్నే పోలుస్తారు.

నిజం ఇట్లా నిదానంగా రావడమే నన్ను కోసేస్తుంది. 2010 టూర్‌లో ఆల్బెర్టో కాంటడోర్ గెలిచాడు, ఆండీ ష్లెక్ రెండోవాడు. కాంటడోర్ నమూనాలో క్లెన్‌బ్యూటరాల్ అనే నిషేధిత మందు తేలి, విచారణలన్నీ అయ్యి 2012 ఫిబ్రవరిలో టైటిల్ పోయింది. ష్లెక్‌కు విజేత వేసుకునే పసుపు చొక్కా 2012 మే నెలలో లక్సెంబర్గులో ఒక కార్యక్రమంలో ఇచ్చారు. పారిస్ వీధిలో లక్షల మంది ముందు వేసుకోవాల్సిన చొక్కా. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను అన్నేళ్లూ ఏ పరీక్షా ఆపలేదు. 26 మంది ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యాలు పట్టించాయి. వాళ్లలో 15 మంది సైకిల్ ఆటగాళ్లే. అతను 1999 నుంచి 2005 దాకా గెలిచిన ఏడు టూర్‌లకు ఈ రోజుకీ విజేత లేడు. ఆ ఏళ్లలో నేను ఆళ్లగడ్డ రోడ్డు మీద ఉన్నాను.

వీళ్లందరికంటే నాకు ఇష్టమైనవాడు క్రిస్టోఫ్ బాసాన్స్. టూర్ గెలవలేదు, గెలిచేవాడూ కాదు. 1998లో ఆ ఫెస్టినా జట్టులోనే ఉన్నాడు. పోలీసులు అడిగినప్పుడు తోటివాళ్లే చెప్పారు, మందు ముట్టనిది అతనేనని. మరుసటి ఏడు వేరే జట్టు తరఫున టూర్ ఆడుతూ, ఈ వేగం నమ్మశక్యంగా లేదని పత్రికలో రాశాడు. ఆల్ప్ డుయెజ్ కొండకు వెళ్లే రోజు ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి ఇంటికి పొమ్మన్నాడు. తోటివాళ్లు పలకడం మానేశారు. ఆ ఒంటరితనం భరించలేక బాసాన్స్ రేసు మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయాడు. 2001లో ఆటే వదిలేశాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో డోపింగ్‌ను అరికట్టే ఉద్యోగంలోనే పనిచేశాడు. ఎదురు మాట్లాడినందుకు వెళ్లిపోవాల్సి వచ్చిన ఆ మనిషి వేసుకున్న మామూలు చొక్కాకు ఏడు పసుపు చొక్కాలూ కలిపినా సరితూగవు.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోవడానికి వీల్లేకుండా 2025 డిసెంబరులో ఇంకో వార్త వచ్చింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2024 లెక్కల్లో మన దేశం నుంచి 7,113 నమూనాలు, అందులో 260 పాజిటివ్. నూటికి మూడున్నర పైనే. పెద్ద ఎత్తున పరీక్షలు చేసే దేశాల్లో వరసగా మూడో ఏడూ మనమే ముందు నిలిచాం. ఆ రోజు చిన్నోడు చదివి వినిపించలేదు. ఫోను బోర్లా పెట్టి కూర్చున్నాడు.

ఎందుకో నాకు తెలుసు. అంతకుముందు కానిస్టేబుల్ ఎంపికకు పరుగు సాధన చేసే రోజుల్లో మైదానంలో ఒక సీనియరు అతనికి ఒక ఇంజెక్షన్ చూపించాడు. పరుగుకు ముందు వేసుకుంటే ఊపిరి ఆడుతుంది, ఎవరూ కనిపెట్టరు, అందరూ వేసుకుంటున్నారు అన్నాడు. చిన్నోడు నన్ను తొక్కుకుంటూ నేరుగా కొట్టుకొచ్చాడు. చేతులు వణుకుతుంటే నా బ్రేకు రాడ్డు కూడా వణికింది. భాయ్ అంతా విని, "వద్దు నాయనా" అన్నాడు. ఇంకేం అనలేదు. టీ తెప్పించాడు.

వేసుకోలేదు. 1600 మీటర్లు పరిగెత్తాడు. పన్నెండు సెకన్ల తేడాతో తప్పిపోయింది.

2026 జనవరిలో పుణెలో అంతర్జాతీయ స్థాయి దశల రేసు జరిగింది. మన రోడ్ల మీద, మన గుంతలు పూడ్చిన ఘాట్ల మీద విదేశీ జట్లతో మన కుర్రాళ్లూ తొక్కారు. చిన్నోడు ప్రతి దశా చూశాడు. అక్కడి ఆఖరివాడికి కూడా భాయ్ కొట్లోంచి చప్పట్లు కొట్టాడు. రేపు ఇలాంటి రేసు కర్నూలు దాకా వస్తుందేమో, అహోబిలం ఎత్తు ఎక్కుతుందేమో అని నాకు ఆశ. వస్తే అందులో ఎక్కేది కాళ్లే కావాలి.

నంద్యాలలోనో, ఆళ్లగడ్డలోనో, ఇంకెక్కడో మీ ఇంట్లో పరుగు తీసే బిడ్డ, బరువులెత్తే బిడ్డ, సైకిలు తొక్కే బిడ్డ ఉంటే, మైదానంలో ఎవరేం ఇస్తున్నారో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. అడిగేవాళ్లు లేకనే చాలామంది పిల్లలు చెప్పరు. మా చిన్నోడు తర్వాతి నోటిఫికేషన్ కోసం చూస్తున్నాడు. ప్రతి ఆదివారం తెల్లారి నాలుగింటికి నా టైర్లు నొక్కి చూసి, గాలి కొట్టి, శిరివెళ్ల రోడ్డు పడతాడు.