ఆరంకెల పిన్‌కోడ్ కావలెను

గ్రాంటు అంటే తిరిగి తీర్చనక్కర్లేని డబ్బు. లెక్క మాత్రం పైసాతో సహా అప్పజెప్పాలి. బహుమతి చేసిన పనికి ఇస్తారు, గ్రాంటు చేయబోయే పనికి ఇస్తారు. కనుక గ్రాంటు కోరే కళాకారుడు ఇంకా వేయని బొమ్మను వేసేసినంత ధీమాగా వర్ణించాలి. ఈ విద్య పేరే దరఖాస్తు. చిత్రలేఖనంతో గానీ నాట్యంతో గానీ దీనికి చుట్టరికం లేదు. ఇది విడిగా ఒక కళ, దీన్ని సాధన చేసుకోవడానికి మాత్రం ఎవరూ గ్రాంటు ఇస్తున్నట్టు లేదు.

తెలుగువారికి ఈ విద్య కొత్తదేమీ కాదు. శ్రీనాథుడి దగ్గర హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్య సెట్టి రాజు కాడు, వర్తకుడు. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు అందించిన కుటుంబం వారిది. వారి సరుకు ఏయే దేశాల నుంచి వచ్చేదో కావ్యం మొదట్లోనే ఒక జాబితా ఉంది, అందులో హురుమంజి గుర్రాలూ ఉన్నాయి. హురుమంజి అంటే హోర్ముజ్. ఒమన్ తీరంలోని ఖల్హాత్, మస్కట్, ఖురియాత్ రేవులు ఆ హోర్ముజ్ రాజ్యం చేతి కిందే ఉండేవి. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ వచ్చి దోచి తగలబెట్టేదాకా ఖురియాత్ కూడా గుర్రాలు ఎగుమతి చేసిన ఊరే. అంటే ఒక తెలుగు కావ్యానికి పెట్టుబడి ఈ సముద్రం మీదుగానే కొంత వచ్చిందన్నమాట. ఆరు వందల ఏళ్ల తరవాత అదే ఖురియాత్‌కు బతుకుతెరువు కోసం వచ్చి, తీరిక వేళల్లో బొమ్మలు వేసుకునే తెలుగువాడికి మాత్రం డబ్బు వచ్చే దారి అంత తిన్నగా లేదు.

పద్ధతి కూడా తిరగబడింది. అప్పుడు కవి ఇచ్చేవాణ్ణి పొగిడేవాడు. వంశం, దానగుణం, మీసకట్టు అన్నీ పద్యాల్లోకి వచ్చేవి. ఇప్పుడు ఇచ్చేవాడు తనను పొగడవద్దంటాడు. పుచ్చుకునేవాడే తనను తాను మూడు వందల మాటల్లో పొగుడుకోవాలి. సొంత డబ్బా కొట్టుకోవడం తప్పని చిన్నప్పటి నుంచి వీపు మీద చరిచి నేర్పిన ఇళ్లలో పుట్టినవారికి ఇది మహా కష్టం. ‘ఏదో, తోచినట్టు వేస్తుంటానండీ’ అని రాస్తే వినయం కింద జమ కాదు, అనర్హత కింద జమవుతుంది.

అర్హతల్లో మొదటిది వయసు. భారత ప్రభుత్వ సంస్కృతి శాఖ పథకాలు దీన్ని మెట్లుగా కట్టాయి. 18 నుంచి 25 ఏళ్ల వారికి యువ కళాకారుల స్కాలర్‌షిప్, నెలకు 5,000 రూపాయలు. 25 నుంచి 40 దాకా జూనియర్ ఫెలోషిప్, నెలకు 10,000. నలభై దాటితే సీనియర్, నెలకు 20,000. ఏదైనా రెండేళ్లే. బొమ్మ మెరుగుపడకపోయినా జుట్టు నెరిస్తే మొత్తం రెట్టింపవుతుంది. ముప్పై తొమ్మిదేళ్ల పదకొండు నెలల మనిషి ప్రభుత్వ లెక్కలో ఇంకా జూనియరే. ఈ మాట పెళ్లి సంబంధాలు చూసేవారికి చెబితే నమ్మరు. జూనియర్ మొత్తాన్ని ఒమన్ డబ్బులోకి మార్చితే 40 రియాళ్ల పైచిలుకు. ఖురియాత్ నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మస్కట్‌కు కాన్వాసు కోసం నాలుగుసార్లు వెళ్లొస్తే అందులో చిల్లరే మిగులుతుంది.

రెండో అర్హత ఊరు. ఇక్కడే అసలు తమాషా. 2007లో మొదలై బీరూట్ నుంచి పనిచేసే అరబ్ కళాసంస్కృతుల నిధి, పేరు చెబుతున్నట్టే, అరబ్బుల కోసం. వీసాకు పూచీ ఉండే కఫీల్ అరబ్బే, జీతమిచ్చేది అరబ్బే, తినే ఖర్జూరం కూడా అరబ్బుదే అయినా దరఖాస్తుదారుడు అరబ్బు కాడు. స్వదేశపు ఫారాలేమో చిరునామా దగ్గర ఆరంకెల పిన్‌కోడ్ అడుగుతాయి. ఒమన్‌లో తపాలా కోడ్ మూడంకెలది, ఉత్తరం ఇంటి గుమ్మానికి కాక పీఓ బాక్సుకు వస్తుంది. మూడంకెలు కొడితే గడి ఎర్రబడుతుంది. ముందు మూడు సున్నాలు చేర్చినా అది కరుణించదు. చివరికి సొంతూరు అమలాపురం పిన్‌కోడ్ వేస్తారు. ఆ క్షణం నుంచి ఖురియాత్ చిత్రకారుడు కాగితం మీద కోనసీమలో కొబ్బరిచెట్టు కింద కూర్చుని ఒమన్ సముద్రాన్ని చూస్తుంటాడు. రెంటికీ చెడ్డ రేవడి అని ఊరికే అనలేదు.

ఈ రేవళ్లకు తలుపు తీసేవారు బొత్తిగా లేకపోలేదు. నెదర్లాండ్స్‌లోని ప్రిన్స్ క్లాస్ ఫండ్ 2021లో మొదలుపెట్టిన సీడ్ అవార్డు వర్ధమానుల కోసమే. వందమందికి తలా 5,000 యూరోలు. పోటీకి మాత్రం ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా మొత్తం వరుసలో నిలబడి ఉంటుంది. బెంగళూరులో 1993లో పుట్టిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ద ఆర్ట్స్ భారత పౌరులకు గ్రాంట్లిస్తుంది, ప్రతిపాదన భారతీయ భాషల్లోనూ తీసుకుంటుంది. తెలుగులో రాయొచ్చని తెలిసినా మనవాళ్లు ఇంగ్లిష్‌లోనే రాస్తారు. తెలుగులో రాస్తే చదివేవారికి అర్థమైపోతుందేమోనని భయం కాబోలు.

ప్రతిపాదన అసలు ఘట్టం. ఖురియాత్ చేపల సంతలో నీలం టార్పాలిన్ మీద బారెడు వంజరం పడుకుని ఉంటుంది. ముసలి జాలరి దాని తోక పట్టి, వెడల్పాటి కత్తితో అడ్డంగా ముక్కలు కోస్తుంటాడు. పొలుసులు అతని ముంజేతికి అంటుకుని ఎండకు వెండి నాణేల్లా మెరుస్తాయి. చిత్రకారుడు వేయాలనుకున్నది ఆ ముంజేయి. కానీ ‘ముంజేయి, నూనెరంగులు’ అని రాస్తే గ్రాంటు రాదు. ‘వాతావరణ మార్పుల నేపథ్యంలో తీరప్రాంత జీవనోపాధుల దృశ్య పరిశోధన’ అని రాయాలి. ఇది పూర్తిగా అబద్ధమూ కాదు, 2007లో గోను తుఫాను ఈ ఊరిని నిజంగానే ముంచింది. అయినా బొమ్మ వేసేటప్పుడు ఆ ముంజేతిలో తీరప్రాంత జీవనోపాధులు ఎటు పెట్టాలో తెలియక చాలామంది కుంచె పక్కన పెట్టేస్తారు.

బడ్జెట్ గడి దగ్గర ఈ మాత్రం సంభాషణ తప్పదు.

‘అన్నా, ఇది జీతమా, అప్పా?’

‘రెండూ కాదురా.’

‘తిరిగి ఇవ్వక్కర్లేదా?’

‘ఇవ్వక్కర్లేదు. లెక్క చెప్పాలి, రసీదులు చూపించాలి, ఆర్నెల్లకోసారి రిపోర్టు పంపాలి.’

‘అయితే అప్పే.’

సిఫారసు లేఖలు ఇద్దరు ప్రముఖుల దగ్గర తేవాలి. గల్ఫ్‌లో పనిచేసేవాడికి తెలిసిన ప్రముఖుడు సైట్ ఫోర్‌మన్. ‘ఇతడు సమయానికి వస్తాడు, సిమెంటు వృథా చేయడు’ అని ఆయన నిజాయితీగానే రాసిస్తాడు. కళాకారుల గురించి అంత గట్టి మాట మరెవరూ చెప్పలేరు, కానీ కమిటీకి అది ఆనదు.

గడువు భారత సమయం రాత్రి 11:59 అయితే ఖురియాత్‌లో 10:29. సందేహం తీర్చుకుందామంటే ఒమన్‌లో సెలవు శుక్ర, శనివారాలు, ఢిల్లీలో శని, ఆదివారాలు. రెండు దేశాలూ మేల్కొని ఉండేది సోమవారం నుంచి గురువారం దాకానే. డబ్బు రాకపోతే చందాలు వేసుకుందామన్న తెలుగు ఉపాయం కూడా ఇక్కడ చెల్లదు. అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం ఒమన్‌లో నేరం. వినాయక చవితి పందిళ్లలో ఏళ్ల తరబడి సాధించిన నైపుణ్యం విమానాశ్రయంలోనే వదిలి రావాలి.

గల్ఫ్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఉగాది సభకు హైదరాబాద్ నుంచి అతిథులను రప్పించే ఖర్చులో ఒక్క టికెట్టు డబ్బు, తగిన అనుమతులతో, స్థానికంగా బొమ్మలు వేసే ఒకరికి ఏటా ఇవ్వండి. ఫారం ఒకే పేజీ ఉంచండి, అదీ తెలుగులో. అందులో ఏం వేస్తావని మాత్రమే అడగండి.