తిరగని బొంగరానికి ఫస్టు ప్రైజు

2016లో కామారెడ్డి జిల్లా అయింది, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్ అయింది. గోటీలకు, బొంగరానికి మాత్రం ఏ హోదా రాలేదు. బడి ఆవరణలో పిల్లగాడు బొంగరం తీస్తే క్రమశిక్షణ తప్పినట్టే. దాన్నే సైన్స్‌ఫేర్‌లో థర్మోకోల్ అట్టకు అంటించి, పక్కన 'కోణీయ ద్రవ్యవేగం' అని స్కెచ్‌పెన్నుతో రాస్తే ఫస్టు ప్రైజు. అంటించిన బొంగరం తిరగదనుకోండి, అది వేరే సంగతి.

పొద్దున గోటీలు గుంజుకుని బీరువాలో పెట్టి తాళమేసిన సారే, మధ్యాహ్నం బోర్డు మీద రెండు సున్నాలు గీసి 'సమాన ద్రవ్యరాశి గల రెండు గోళాలు అభిఘాతం చెందినప్పుడు' అని మొదలుపెడతారు. సూటిగా తగిలితే కొట్టిన గోటీ దాదాపు అక్కడే ఆగి, ఎదుటిది ఉరుకుతుందని పిల్లలకు ఎప్పుడో తెలుసు. ఆ ఉరుకుడే ఈ పాఠమని చెప్పే నాథుడే లేడు.

చిర్రగోనెది మరీ ఘోరం. చిర్ర మొన మీద కొడితే గిర్రున తిరుగుతూ లేస్తుంది. అంతే జోరుగా నడుమ కొడితే నేలకే అతుక్కుంటుంది. దెబ్బ ఎంతన్న దానికన్నా ఎక్కడ పడిందన్నదే లెక్క. టార్కు పాఠం మొత్తం అదే. చూపిద్దామంటే మైదానం కావాలి. అక్కడ ఇప్పుడు స్కూలు బస్సులు ఆడుకుంటున్నాయి.

జర్మనీలో ఫెలిక్స్ క్లైన్, ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ అనే పెద్దమనుషులు బొంగరం సిద్ధాంతం మీద 1897లో మొదటి సంపుటం తెచ్చి, 1910కి గానీ నాలుగోది ముగించలేకపోయారు. మన బడిలో అయితే మొదటిరోజే ఇద్దరినీ బెంచీ ఎక్కించేవాళ్లు.

మైకు దొరికితే 'న్యూటన్ కన్నా ముందే మన తాతలకు అన్నీ తెలుసు' అనే పండితులు మరో తెగ. తాతలు బొంగరం బ్రహ్మాండంగా తిప్పారు, సమీకరణాలు రాయలేదు. ఈ పండితుల మనవలేమో ఐఐటీ ఫౌండేషన్ బ్యాచీలో ఉంటారు, బొంగరం ముట్టరు.

2022లో కేంద్ర విద్యాశాఖ 75 భారతీయ ఆటలను బడుల్లోకి తెస్తామంది. సంతోషం. కాకపోతే ఆటల పీరియడ్‌ను లెక్కల సారు ఏనాడో మింగేశారు.

అయ్యలారా, అమ్మలారా! ఫౌండేషన్ ఫీజు కట్టే ముందు పిల్లగాడికో బొంగరం కొనివ్వండి. 'ఇంత వంగింది, పడదేంది?' అని వాడడిగితే జవాబు రాకున్నా పర్వాలేదు. 'పోయి చదువుకో' అని మాత్రం అనకండి.