స్విచ్ కాన్ఫిగ్ బ్యాకప్: తీయకుండా గౌరవంగా బతకడం ఎలా?

ఇరవై స్విచ్‌లు, ఒక ఇరుకు సర్వర్ రూమ్, అన్నిటికీ కలిపి ఒకే ఒక్క నెట్‌వర్క్ మనిషి. చిన్న సంస్థలో మీ కొలువు ఇదే అయితే ఈ చిట్కాలు మీ కోసమే. పద్దెనిమిదేళ్లుగా నేను పాటిస్తున్నవే ఇవన్నీ. అలవాటైతే నడుం వంచే పనుండదు.

1. మార్పు చేశాక సేవ్ చెయ్యకండి. సిస్కో స్విచ్‌లో మీరు కొట్టిన కమాండ్ ర్యామ్‌లోని రన్నింగ్ కాన్ఫిగ్‌లోకి వెళ్లి వెంటనే పనిచేస్తుంది. అక్కడితో లేచి వెళ్లిపోండి. 'రైట్ మెమరీ' కొడితే తప్ప స్టార్టప్ కాన్ఫిగ్‌లో చేరదు. చేరకపోతే ఏం? కరెంటు పోయి వస్తే ఆర్నెల్ల పని నీటిమీద రాతవుతుంది, నింద కరెంటాఫీసు మీదికి పోతుంది.

మొన్న వేసవిలో మా దగ్గర అదే జరిగింది. సాయంత్రం నాలుగింటికి కరెంటు పోతే యూపీఎస్ రెండు నిమిషాలకే చేతులెత్తేసింది. స్విచ్‌లు తిరిగి లేచేసరికి అకౌంట్స్ వాళ్ల వీలాన్ లేదు, జీతాల బిల్లు ఆగింది. నేను సొరుగులోంచి నీలం కన్సోల్ కేబుల్ తీసి, ర్యాక్ ముందు నేలమీద కూర్చుని, రాత్రి పదకొండు దాకా ఒక్కో పోర్టూ కొట్టుకుంటూ పోయాను. మేనేజర్ గారు స్వయంగా మిరపకాయ బజ్జీలు తెప్పించి, "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లమయ్యా" అన్నారు. బ్యాకప్ ఉంటే ఐదు నిమిషాల పని. ఐదు నిమిషాల పనికి బజ్జీలెవరు పెడతారు?

2. ర్యాన్సిడ్, ఆక్సిడైజ్డ్ ఉచితమే కదా, పెడదామనే కుర్రాణ్ణి దూరంగా ఉంచండి. అవి వేళకు ప్రతి స్విచ్‌లోకీ వెళ్లి కాన్ఫిగ్ తెచ్చి దాస్తాయి. ర్యాన్సిడ్ అయితే ఏ లైను మారిందో మెయిల్ కూడా పెడుతుంది. మన గుట్టు మనమే రట్టు చేసుకోవడం దేనికి?

3. బ్యాకప్ ఉందా అంటే ఉందనండి. 2019 నాటి ఫైలొకటి 'ఫైనల్ న్యూ 2' అని పేరు పెట్టి ఉంచండి. తెరిచి చూసేవాళ్లుండరు. దాన్ని అదే స్విచ్ ఫ్లాష్‌లో ఉంచితే మరీ మంచిది. స్విచ్ కాలితే ఫైలూ దాంతోపాటే పోతుంది.

4. ట్రంక్ పోర్టుకు కొత్త వీలాన్ కలిపేటప్పుడు 'యాడ్' అనే మాట వదిలెయ్యండి. పాతవన్నీ రాలిపోయి కొత్తదొక్కటే మిగులుతుంది. జాబితా ఎంత శుభ్రంగా ఉంటుందో చూడండి.

5. మానిటరింగ్ జోలికి పోకండి. లిబ్రెఎన్ఎంఎస్ పెడితే పోర్టు పడిపోగానే అలర్టు మీకే వస్తుంది. పెట్టకపోతే ఎవరో తలుపు దగ్గర నిలబడి "నెట్ రావట్లేదు సార్" అనేదాకా మీకు తెలియదు. తెలియనిదానికి పూచీ లేదు. పైవాళ్లు పట్టుబట్టి అడిగితే పెట్టండి, అలర్టులు మాత్రం మానేసిన ఉద్యోగి మెయిల్‌కు పంపండి.

6. ఎన్‌టీపీ పెట్టకండి. గడియారానికి బ్యాటరీ లేని సిస్కో స్విచ్ రీబూటైన ప్రతిసారీ 1993 మార్చి 1 నుంచి కాలం లెక్కపెడుతుంది. లాగ్ ముందు పెట్టి ఇదెప్పుడు జరిగిందని నిలదీస్తే తేదీ చూపించండి. అప్పటికి మీరు ఉద్యోగంలోనే చేరలేదు.

7. పాస్‌వర్డులు బుర్రలోనే ఉంచుకోండి. సెలవు పెట్టిన రోజున నీలం కేబుల్‌ను బ్యాగులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లండి. ఆఫీసులో వదిలితే ఎవరో ఒకరు పని నేర్చేసుకుంటారు.