నోరు మునగని బాప్తిస్మం

నీళ్ళ లోతును బట్టి భక్తిని లెక్కగట్టిన మూర్ఖుణ్ణి నేను. ఆదోనిలో పసిగుడ్డుగా ఉన్నప్పుడే పాదిరిగారు నా నెత్తిన నీళ్ళు చిలకరించారు. మా నాయనకూ అంతే, మా అవ్వకూ అంతే. ఆదోని అప్పట్లో బళ్ళారి జిల్లాలోది. బళ్ళారిలో 1810లో కాలుపెట్టిన లండన్ మిషన్ వాళ్ళది పసిబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చే ఆచారం. వాళ్ళ సంఘాలే 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో కలిశాయి. మా ఇంట్లో ఎవరికీ దీని గురించి ఏ అనుమానమూ లేదు, నేను ఎమ్మిగనూరులో పనికి చేరేదాకా.

అక్కడ ఒక సహవాసం కూడికలకు పోవడం మొదలుపెట్టాను. పసిబిడ్డకు ఏం తెలుసని బాప్తిస్మం, తెలిసి నమ్మినవాడే మునగాలి అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, ఇప్పటికీ కాదనను. నాగలదిన్నె దగ్గర తుంగభద్రలో దిగి మునిగి లేచాను. అందుకు చింత లేదు. లేచిన తర్వాత చేసిన ఘనకార్యాలే చెప్పుకోవాలి.

ఆదోనికి ఎప్పుడొచ్చినా ఇంట్లో వాదనే. చిలకరింపు చెల్లదు, ముంచుడే వాక్యం. యేసు యొర్దానులో దిగలేదా? ఐతియొపీయుడైన నపుంసకుడు రథం దిగి నీళ్ళలోకి పోలేదా? మరి ఫిలిప్పీ చెరసాల అధికారి ఇంటిల్లిపాదీ అర్ధరాత్రి ఎక్కడ మునిగారని నాయన అడిగితే మాట మార్చేవాణ్ణి. అవ్వ మీదికి మళ్ళేవాణ్ణి. పత్తి మిల్లులో పనిచేసి, పనుల్లేని ఏడాది సుగ్గికని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోయొచ్చిన మనిషి. చదువు లేదు. "అవ్వా, నువ్వింకా రక్షణలోకి రాలేదు, ఏటికి రా" అన్నాను.

"నీ తలకాయ మునిగింది సరేరా, నోరు మాత్రం పైన్నే ఉన్నెట్లుంది" అంది.

ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. క్రీస్తు నిమిత్తం నాకు కలిగిన హింస ఇదే అనుకుని, ఆ ఆదివారం కూడికలో లేచి సాక్ష్యం కూడా చెప్పాను.

నా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలం నాటి సంగతి. చూశారా, అందరూ మునిగినవాళ్ళే అని అంకె విసిరేవాణ్ణి. అంకె వెనక కథ చదివింది చాలా ఏళ్ళ తర్వాత. 1876-78 కరువు మా బళ్ళారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసింది. ఒంగోలు దిక్కూ అంతే. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. వాళ్ళు బాప్తిస్మం ఇమ్మని బతిమాలారు. కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు. గంజి కోసం మునిగారన్న మాట రాకూడదని ఆపాడు. అంతకుముందు, మాదిగలను చేర్చుకుంటే మేము రామని పెద్దకులాలవాళ్ళు అన్నప్పుడు మాదిగలనే చేర్చుకున్నాడు. అంటే ఆ 2,222 మంది కథలో నేను పట్టుకున్నది నీళ్ళను. మనుషులను వదిలేశాను.

వదిలేశాననడానికి సాక్ష్యం మా సహవాసమే. ప్రేమవిందులో మాల కుటుంబాలు ఒక పక్క, మాదిగ కుటుంబాలు ఒక పక్క కూర్చునేవి. అది నా కంటికి ఆనలేదు. బాప్తిస్మంలో క్రీస్తును ధరించుకున్నవాళ్ళలో దాసుడని, స్వతంత్రుడని తేడా లేదని పౌలు గలతీయులకు రాసిన మాట నాకు కంఠతా వచ్చు. ముందు సగం వాదనకు వాడుకునేవాణ్ణి, మిగతా సగం పంక్తి దగ్గర గుర్తొచ్చేది కాదు. కొరింథులో 'నేను ఫలానావాడి మనిషిని' అని జనం చీలిపోతుంటే, మీలో ఎక్కువమందికి నేను బాప్తిస్మం ఇవ్వనందుకు దేవునికి వందనాలు అన్నాడు ఆ పౌలే. నేనేమో కనిపించినవాణ్ణల్లా 'ఎవరి చేత తీసుకున్నావు?' అని అడిగేవాణ్ణి.

'దిదాఖే' అని ఒక చిన్న పుస్తకం ఉంది. మొదటి శతాబ్దం చివరినాటిదని చాలామంది పండితుల లెక్క. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దాని ప్రతి దొరికింది. బాప్తిస్మానికి పారే నీళ్ళు మేలు, అవి లేకపోతే వేరే నీళ్ళు, చన్నీళ్ళు కుదరకపోతే వేన్నీళ్ళు, ఏవీ చాలకపోతే తల మీద మూడుసార్లు పొయ్యమంది. ఎండాకాలం ఆదోనిలో కుళాయి దగ్గర బిందె వరసలో నిలబడ్డవాడికి ఈ మాట ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే నా తల దిమ్మెక్కించింది నీళ్ళ సంగతి కాదు. అది ఏడో అధ్యాయంలో, నాలుగైదు వాక్యాల్లో అయిపోతుంది. దానికి ముందు ఆరు అధ్యాయాలూ ఎలా బతకాలన్నదే: అబద్ధం ఆడకు, ఆశపడకు, అడిగినవాడికి ఇయ్యి, తగవుపడ్డవాళ్ళను కలుపు. ఆరు అధ్యాయాలు దాటేసి ఏడోదాని మీద పోట్లాడిన ఘనుణ్ణి నేను.

బాప్తిస్మం ఎందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు తెలిసింది చెబుతాను. చచ్చి లేచినవాడితో కలిసి మనమూ చచ్చి లేచామని నలుగురి ముందు ఒప్పుకోవడం, ఆ నలుగురితో ఒకే బల్ల దగ్గర రొట్టె తినడానికి చేరడం. అది మొదలు మాత్రమే. పాత మనిషి రోజూ మునిగి చావాలన్నాడు లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో. మా అవ్వ నోటి గురించి అన్నదీ ఆ లెక్కలోదే.

తెలిసిన వయసులో మునుగుతానన్నవాణ్ణి మునగనివ్వండి. చిలకరించిన నీళ్ళు చెల్లవనే అధికారం మాత్రం నాకు లేదు, మా సహవాసంవాళ్ళకూ లేదు. మీ ఇంట్లో ముసలివాళ్ళను చలిలో ఏటికి లాక్కుపోవాలని చూసే నాలాంటివాడు ఒకడుంటే, వచ్చే ప్రేమవిందులో వాణ్ణి అవతలి పంక్తిలో కూర్చోబెట్టి భోంచేయించండి.