ఎక్స్‌రే గది సూత్రం – సటీకా తాత్పర్యం

మూలం:
గట్టిగా గాలి పీల్చు. ఆపు. వదులు.

అవతారిక: సికింద్రాబాదులో గడియార స్తంభానికి కూతవేటు దూరాన, ఒకానొక ఎక్స్‌రే కేంద్రంలో, సీసపు రేకు తాపిన తలుపు వెనుక నుంచి రోజూ వినబడే సూత్రమిది. పలికేది టెక్నీషియనే గాని రచించింది అతను కాడు. తన ముందువాడు అంటుండగా విని నేర్చాడు. ఆ ముందువాడు ఇంకొకరి దగ్గర. కనుక అపౌరుషేయమనడానికి మాకు అభ్యంతరం లేదు. "సాఁస్ లేవ్, రోకో, ఛోడో" అని దక్కనీ పాఠం, "బ్రీత్ ఇన్, హోల్డ్, రిలాక్స్" అని కంటోన్మెంటు పాఠం కూడా ప్రచారంలో ఉన్నాయి. ఏ పాఠం చదివినా ఫిల్ము ఒకలాగే వస్తుంది.

టీక: (ఓయీ! చొక్కా విప్పి, గడ్డం పైకెత్తి, చల్లటి పలకకు రొమ్ము ఆనించి, మోచేతులు ముందుకు తోసి నిలుచున్నవాడా! అని సంబోధన అధ్యాహార్యం.) గాలి = ప్యారడైజ్ కూడలిలో బస్సులూ ఆటోలూ వదిలిన పొగతో సహా లభ్యమయ్యే వాయువును; గట్టిగా = రోజూ పీల్చేట్టు గాక; పీల్చు = లోనికి రానిమ్ము; ఆపు = బిగబట్టుము; వదులు = విడువుము.

శంక: "పీల్చు" అని ఆజ్ఞాపించి "రానిమ్ము" అని అర్థం చెప్పడమేమిటి?

సమాధానం: గాలిని ఎవరూ లాగరు. పొట్టకూ రొమ్ముకూ నడుమ గొడుగులా ఉండే డయాఫ్రమ్ బిగుసుకుని కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకీ పక్కలకూ లేస్తాయి, రొమ్ములో చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి ఆ లోటు పూడ్చడానికి తనంత తాను వస్తుంది. ముక్కుకు ఇందులో పాత్ర స్వల్పం. సికింద్రాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది గనుక ఇక్కడి గాలి పీడనం విశాఖ తీరంలో కంటే ఓ యాభై మిల్లీమీటర్ల పాదరసం మేర తక్కువే. అయినా ఆక్సిజన్ పాలు నూటికి 21 అనేది ఇక్కడా అంతే, రొమ్ముకు ఆ తేడా పట్టదు.

"గట్టిగా" అన్న విశేషణాన్ని కొందరు అలంకారప్రాయమంటారు. మేము ఒప్పుకోం. మామూలు ఊపిరికి లోపలికెళ్లేది అర లీటరు. అందులో 150 మిల్లీలీటర్లు గొంతులో, శ్వాసనాళాల్లో నిలిచిపోయి ఏ పనికీ రాకుండా తిరుగుముఖం పడతాయి. "గట్టిగా" అనేసరికి ఎదిగిన మగవాడి రొమ్ములోకి దాదాపు మరో మూడు లీటర్లు చేరతాయి. గాలి నిండిన ఊపిరితిత్తి ఫిల్ము మీద నల్లగా పడుతుంది, రోగం ఉంటే ఆ నలుపులో తెల్లగా కనిపిస్తుంది. సగం పీలిస్తే కింది భాగాలు ముడుచుకుని లేని జబ్బు ఉన్నట్టు, గుండె లావెక్కినట్టు కనిపించి ఇంటిల్లిపాదీ హడలిపోతారు.

ఆ గాలి ఎక్కడికి పోతుందయ్యా అంటే, ముప్పై కోట్లకు తక్కువ కాని గాలి గదుల్లోకి. వాటి గోడలన్నీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లు. మారేడ్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటంత. గోడ మందం మైక్రాన్‌లో సగం. ఆ గోడ పక్కనుంచి నెత్తురు కణం ముప్పావు సెకనులో దాటిపోతుంది. ఆక్సిజన్ నింపుకోవడానికి అందులో మూడో వంతు చాలు. కార్బన్ డయాక్సైడు అదే గోడలో ఎదురు దారిన బయటికి వస్తుంది, ఆక్సిజన్ కంటే ఇరవై రెట్లు సులువుగా. ఇక్కడ తోసే శక్తి ఏదీ లేదు. ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు జారడమే.

ఇక "ఆపు". సూత్రానికి ప్రాణం ఈ పదమే.

గుండె కొట్టుకుంటోంది, పేగు కదులుతోంది, మూత్రపిండం వడకడుతోంది. టెక్నీషియన్ వాటిలో దేనికీ ఆజ్ఞ ఇవ్వడు. ఇచ్చినా వినవు. లోపలి పనివాళ్లలో మాట వినేది ఊపిరి ఒక్కటే. నిద్రలో దాని నడక అది నడుస్తుంది, మెలకువలో మనం పగ్గం పట్టుకుంటే ఆగుతుంది. ఈ రెండు కొలువులూ ఉన్నందునే ప్రాణాయామమూ సాధ్యమైంది, ఎక్స్‌రే తీయడమూ సులువైంది. కానీ ఆ విధేయతకు గడువుంది. నిమిషానికి అటో ఇటో మామూలు మనిషి ఓడిపోతాడు. ఓడించేది ఆక్సిజన్ కొరత అనుకుంటారు చాలామంది. అసలు కారణం నెత్తుట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడు. మెదడు అడుగున ఉన్న మెడుల్లా దాన్ని పసిగట్టి, మన అనుమతి అడక్కుండా పగ్గం లాక్కుంటుంది. 2020లో కోవిడ్ ఆసుపత్రిగా మారిన మన గాంధీ ఆసుపత్రి మొదలుకొని లోకమంతటా డాక్టర్లు ఒక వింత చూశారు: వేలికి తగిలించిన ఆక్సీమీటర్ అంకె పడిపోతున్నా కొందరు ఆయాసం లేకుండా మాట్లాడుతున్నారు. కార్బన్ డయాక్సైడు సులువుగా బయటపడుతున్నంత కాలం ఒంటికి గాభరా పుట్టదు.

విశేషం: రోగికి మత్తిచ్చేటప్పుడు ఊపిరా, నాడా, దేన్ని కనిపెట్టి ఉండాలి అన్న వివాదానికి పెద్ద పీఠం మన జంటనగరాలే. 1848లో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల క్లోరోఫాం మత్తులో చనిపోయింది మొదలు డాక్టర్లు రెండు మతాలయ్యారు. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు, ఊపిరి మతస్థుడు. ముందు ఆగేది ఊపిరే, దాన్ని కాస్తే చాలు, నాడి ముట్టనక్కర్లేదు అని ఆయన సిద్ధాంతం. 1888లో ఒక కమిషన్ కుక్కల మీద దీన్నే నిర్ధారించింది. లండన్‌లో లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి, మీ మనిషినే పంపండన్నాడు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల కొద్దీ కుక్కలకూ కోతులకూ క్లోరోఫాం పట్టి, ఆయనా లారీ పక్షానే తేలాడు.

పూర్వపక్షం ఓడిందనుకున్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు పిల్లుల మీద చూపించినదేమిటంటే, క్లోరోఫాం కొంచెమే పట్టి, జంతువు బెదిరిపోయి ఉన్నప్పుడు, గుండె జఠరికలు ఒక్కసారిగా వణికిపోయి ఆగుతాయి. ఊపిరి ఆ తర్వాత ఆగుతుంది. లారీ చూసినదీ నిజమే, మందు ఎక్కువైనప్పుడు. ఆయన చేసిందల్లా మాట వినే పనివాడిని కాపలా కాసి, మాట వినని వాడిని వదిలేయడం. అయితే మత్తిచ్చేవాడు రోగి ఊపిరి మీది నుంచి చూపు తిప్పరాదన్న ఆయన పట్టు మాత్రం వృథా పోలేదు.

ఎక్స్‌రే గదిలో ఈ గొడవ లేదు. కిరణం పడేది సెకనులో చిన్న ముక్క సేపు; గుండె ఆగకపోయినా బొమ్మ చెదరదు.

"వదులు": కొన్ని ప్రతుల్లో ఈ పదం లోపించింది. తర్వాతి రోగి పేరు పిలుస్తూ టెక్నీషియన్ మరిచిపోతాడు. ముఖం కందిపోయినా ఆజ్ఞ కోసం నిలబడిన గురుభక్తులను మేమెరుగుదుం. నిజానికి ఈ పదం మర్యాదకే. సాగదీసిన ఊపిరితిత్తి తన సాగుడు గుణం వల్ల తానే ముడుచుకుంటుంది. మామూలు నిశ్వాసకు కండ పని చేయదు. పైగా ఆజ్ఞ పూర్తిగా నెరవేరదు కూడా. ఎంత ఊదినా లీటరు పైచిలుకు గాలి లోపలే మిగులుతుంది.

తాత్పర్యం: ఓ రోగీ! రొమ్ము నిండా గాలి రానిచ్చి, బొమ్మ పడేదాకా కదలక, ఆపైన నీ ఇష్టప్రకారం ఉండుము.

ఫలశ్రుతి: ఈ సూత్రాన్ని శ్రద్ధతో ఆచరించినవారికి రెండోసారి తీయించుకునే బాధ ఉండదు. రిపోర్టు సాయంత్రం ఏడు తర్వాత. రసీదు తప్పక తేవలెను.