చెవిలో పువ్వు, సులభ వాయిదాల్లో

ఆదివారం పేపర్ తిరగేస్తే పెళ్ళి ప్రకటనల పక్కనే చెవి మిషన్ల ప్రకటన. అరవై దాటిన పెద్దమనిషి నిగనిగలాడే జుట్టుతో నవ్వుతుంటాడు. పైన బండ అక్షరాలు: 'పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియదు!' వినపడుతుందన్న ముక్క ఎక్కడైనా ఉందా అని భూతద్దం పెట్టి వెతికాను. అడుగున, 'షరతులు వర్తిస్తాయి'కి పై వరసలో దొరికింది.

పాత మిషన్ తెస్తే కొత్తదాని మీద తగ్గింపట, పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చినట్టు. దాంతో పాటు ఉచిత వినికిడి పరీక్ష, మూడు రోజులు మాత్రమే. ఆ పరీక్షకి వెళ్ళి 'మీ చెవులు భేషుగ్గా ఉన్నాయి, ఇంటికెళ్ళండి' అనిపించుకున్నవాడు నాకింతవరకూ తగల్లేదు.

మా నాన్నగారికి 76. రిటైరైన లెక్కల మాస్టారు. తనకి వినపడదని ఒప్పుకోరు. ఈ మధ్య జనమే గొణగడం మొదలుపెట్టారంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. వయసు మీద పడ్డాక లోపలి చెవిలో ముందుగా దెబ్బతినేవి సన్నటి, హెచ్చు స్థాయి ధ్వనులు పట్టే కణాలు. ఆ, ఓ లాంటి అచ్చులు దిట్టంగానే వినిపిస్తాయి. క, ప, త, స లాంటి హల్లులు జారిపోతాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. ఓ రోజు అమ్మ కంది పచ్చడి చేశానంది. సంధ్య వార్చి వచ్చి కూర్చున్న మనిషి "పంది పచ్చడా!" అని విస్తరి ముందు నుంచి లేచిపోయారు. ఆ సాయంత్రమే కొట్టుకి బయల్దేరదీశాం.

కొట్టు కుర్రాడికి మెళ్ళో టై ఉంది. నెత్తిన ఫ్యాను గరగరలాడుతుండగా, బయట ఆటోలు హారన్లు మోగిస్తుండగా ఆడియోగ్రామ్ తీశాడు. తీసిన కాగితం మడిచి పక్కన పడేసి, "16 ఛానెళ్ళది చూపించమంటారా అంకుల్, 32దా?" అన్నాడు.

"భక్తి టీవీ ఎందులో వస్తుంది?" అన్నారు నాన్న.

కుర్రాడు నవ్వాడు గానీ, వేలు మాత్రం 32 మీదే పెట్టాడు. ఆ ఛానెళ్ళు ఈయన చెవికి ఏం చేస్తాయో చెప్పలేదు. అంకె పెరిగితే ధర పెరుగుతుందన్నంత వరకూ లెక్కల మాస్టారికి అర్థమైంది. మిషన్ చెవిలో దోపి, తలుపులు మూసి, రెండడుగుల దూరంలో మొహంలో మొహం పెట్టి "వినపడుతోందా అంకుల్?" అని అరిచాడు. వినపడింది. నా కుర్చీకి కూడా వినపడింది. జత లక్షా పాతిక వేలు. ప్రభుత్వం చెవి మిషన్ మీద జీఎస్టీ వేయలేదు. ఆ లోటు కొట్టువాళ్ళు తీర్చారు.

దాచుకునే యావ మనతోనే మొదలైందనుకోకండి. 1819లో పోర్చుగల్ రాజు ఆరవ జొవావ్ కోసం లండన్‌లో ఓ సింహాసనం చేశారు. చేతులు బోలు, వాటి చివర నోరు తెరిచిన సింహం తలలు, లోపల్నించి గొట్టం రాజుగారి చెవికి. విన్నపం చేసుకునేవాడు మోకరిల్లి సింహం నోట్లోకి మాట్లాడాలి. అంత తతంగం నడిపాక, రాజుగారికి చెవుడని వాడికి అనుమానం రాదన్నమాట! పోనీలెండి, ఆయనకి కనీసం వినపడేది.

మాది వేరే కథ. కనపడకూడదు గనక మిషన్ చిన్నది, మిషన్ చిన్నది గనక బ్యాటరీ కందిగింజంత. పదో నంబరంటారు. నాలుగైదు రోజులకోసారి దాని పసుపు స్టిక్కర్ పీకి, గోరంత తలుపు తెరిచి, బోర్లాపడకుండా కూర్చోబెట్టాలి. చత్వారం కళ్ళతో, వణికే వేళ్ళతో. మొదటిసారి నాన్న, నేను, మా అబ్బాయి, సెల్‌ఫోన్ లైటు కలిసి ఆ ఆపరేషన్ చేశాం. పెట్టుకుంటే చెవికి బిరడా కొట్టినట్టుందనీ, తన గొంతు తనకే నూతిలోంచి వస్తోందనీ ఆయన గోల. మూడో వారం మిషనే ఎక్కడికో దొర్లిపోయింది. ఎవరికీ కనపడదని ముందే చెప్పారు కదా, మాక్కూడా కనపడలేదు.

మా వీధి ఇస్త్రీ తాతకి చెవి వెనక తగిలించుకునే మిషన్ ఉంది. 2017 ఏప్రిల్‌లో నెల్లూరులో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఊరికే ఇచ్చారు. వీధి చివర్నించి కూడా కనపడుతుంది. పొద్దున తగిలిస్తే రాత్రికే తీస్తాడు. బండి అవతల నిలబడి నేను సణిగిన బేరానికి కూడా జవాబిస్తాడు.

సిగ్గు వదిలేసి ఈసారి ఆడియాలజిస్టు దగ్గరకి వెళ్ళాం. రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదైన పిల్ల. ముందు నాన్న చెవిలో గులిమి తీయించింది. శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. సన్నటి గొట్టం కర్ణభేరి దాకా పంపి, మిషన్ శబ్దం అక్కడికి ఎంత చేరుతోందో కొలిచింది. "రోజంతా ఎవరితో మాట్లాడతారు తాతగారూ?" అని అడిగింది. టై కుర్రాడికి ఆ ప్రశ్న తట్టలేదు. చెవి వెనక పెట్టుకునేది ఇచ్చి, సర్దడానికి మళ్ళీ మళ్ళీ రావాలంది. మొదటి వారమంతా పేపర్ మడత చప్పుడు, తన చెప్పుల టపటప భరించలేక నాన్న చిరాకుపడ్డారు. ఇప్పుడు కంది పచ్చడి రెండోసారి అడిగి వేయించుకుంటున్నారు.

మొన్న పాత కొట్టు నుంచి మెసేజ్. సంక్రాంతి ఆఫర్: ఇంకా చిన్నది వచ్చిందట.

నాన్న చదివి ఫోన్ నా చేతిలో పెట్టారు. "ఈ లెక్కన ఉగాదికి ఖాళీ డబ్బా ఇస్తాడు. రసీదు మాత్రం పెద్దదే ఇస్తాడ్రా."